నేలలో మూడు కన్నాలు

చక్రాల ఇల్లు అద్దెకు తీసుకుని అరకు దాకా వెళ్ళొద్దామని మా మనవలు ఈమధ్య మాట్లాడుకుంటున్నారు. అందులో మంచాలుంటాయట, వంటగది ఉంటుందట, స్నానానికి చోటు కూడా ఉంటుందట. వెళ్ళండి నాయనా, నేను వద్దనను. కానీ ఎక్కగానే పరుపు మెత్తగా ఉందా, కిటికీ పెద్దదా అని చూడకండి. మోకాళ్ళ మీద కూర్చుని నేల చూడండి. పొయ్యి కింద, సిలిండరు పెట్టె కింద, గుమ్మం పక్కన కన్నాలు తెరిచి ఉన్నాయో లేదో చూడండి.

ముసలమ్మ ఏదో అంటోందని నవ్వుకుంటారు. అలాంటి ఇంట్లో కన్నాలు మూసేసి ఒక తల్లినీ బిడ్డనీ చావు దాకా తీసుకెళ్ళినదాన్ని నేను. నలభై ఏళ్ళు దాటిపోయింది. ఇప్పటికీ వెనకనుంచి ఎవరైనా అగ్గిపుల్ల గీస్తే నా వీపు జిల్లుమంటుంది.

నేను పనిచేసింది గాజువాక దాటాక రోడ్డు పక్కనుండే ఒక బాడీ షెడ్డులో. లారీకైనా బస్సుకైనా కంపెనీ నుంచి వచ్చేది ఇంజనూ, చక్రాలూ, అడుగున ఇనప చట్రమూ మాత్రమే. పైన మీకు కనిపించేదంతా, చెక్కా రేకూ సీట్లూ అద్దాలూ, మాలాంటి షెడ్లలో కట్టేవారు. మా ఆయన అక్కడ వడ్రంగి. ఆయన పోయిన నెలకి షెడ్డు మేస్త్రి మా ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి, "అమ్మీ, నీకు కుట్టు వచ్చు గదా. సీట్లు కుట్టు. ఆనందపురం ఎల్లిపోయి అన్నదమ్ముల ఇంట్లో ఏటి సేత్తావు?" అన్నాడు. మర్నాడే మిషను దగ్గర కూర్చున్నాను. పద్దెనిమిది మంది మగాళ్ళ మధ్య నేనొక్కదాన్నే ఆడదాన్ని. మా వెల్డరు మగాళ్ళందరినీ బావా అనేవాడు, నన్ను వొదినా అనేవాడు.

"వొదినా, నీ కుట్టు ఊడిపోతే లారీ ఆగదు. నా అతుకు ఊడిపోతే లారీయే ఉండదు, తెలుసా?"

"తెలుసులే. నీ అతుకులు సూసే గదా డ్రైవర్లు ఎక్కేముందు దండం ఎట్టుకుంటన్నారు," అనేదాన్ని.

నేను చదివింది రెండో తరగతి. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను. ఇంగ్లీషైతే చీమల బారే. కానీ నా కళ్ళు మాత్రం చురుకు. ఆ కళ్ళ వల్లే షెడ్డులో నాకొక గౌరవం ఉండేది. నేను చేసే ఆ పనికి మేం 'వెలుగు చూడటం' అని పేరు పెట్టుకున్నాం. ఏ బండి పూర్తయినా, మిట్టమధ్యాహ్నం అద్దాలకి గోనెలు కప్పి తలుపులన్నీ మూసి నన్నొక్కదాన్నే లోపల కూర్చోబెట్టేవారు. చీకట్లో కళ్ళు కుదుటపడ్డాక ఎక్కడ దారమంత వెలుగు కనిపించినా అక్కడ సుద్దతో గీత గీసేదాన్ని. వెలుగు వచ్చేచోట వాన వస్తుంది, దుమ్ము వస్తుంది. గీత గీసిన ప్రతి చోటా లప్పం పెట్టి మూసేవారు. గీత పడని బండి ఒక్కటి తయారు చేయాలని మేస్త్రి ఆశ.

ఉక్కు ఫ్యాక్టరీకి ఇంకా నేల చదును చేస్తూ పునాదులు తవ్వుతున్న రోజులవి. ఒకనాడు ఒక జీపు వెనకాల తెల్లటి డబ్బా లాంటి ఇల్లు కట్టుకుని ఒక దొర మా షెడ్డుకి వచ్చాడు. పోర్టులో యంత్రాలు బిగించడానికి వచ్చి, పని ముగించుకుని వెళ్ళిపోతున్న మనిషి. ఆ ఇల్లు ఓడలో తెచ్చుకున్నాడట. రెండేళ్ళు అందులోనే ఉన్నాడట. ఉప్పుగాలికి రేకు పొక్కిపోయింది, కింద చెక్క కుళ్ళింది. సైటులో పనులు చేయించే ఒక కాంట్రాక్టరు దాన్ని కొన్నాడు. బాగుచేయడం మా వంతు.

ఆ దొర గంటసేపు దాని వంశ చరిత్ర చెప్పాడు. మా గుమాస్తా దాన్ని తెలుగులో చెబుతుంటే అందరం పనులాపి విన్నాం. వాళ్ళ తాతల కాలంలో వీటిని గుర్రాలు లాగేవట. చెక్కతో కట్టి లోపల పొయ్యి పెట్టుకుని, షికారుకని ఊళ్ళు తిరిగేవారట. కార్లు వచ్చాక కారు వెనకాల తగిలించుకునేలా తేలిగ్గా కట్టారట. యుద్ధం అయ్యాక చెక్క పోయి రేకు వచ్చిందట. వీటిలో చాలా రకాలున్నాయని చెప్పాడు. లాగితే వచ్చేవి కొన్ని. తన ఇంజను తనకే ఉన్నవి కొన్ని. కప్పు పైకి లేచేవి, గుడారంలా మడత విప్పేవి ఇంకొన్ని.

మేస్త్రి తల గీరుకున్నాడు. "అంటే ఇంజనున్నది బండిలో ఇల్లు. ఇది ఇంటికి సక్రాలు. అంతే గదా?"

గుమాస్తా అది ఇంగ్లీషులో చెబితే దొర పకపకా నవ్వి మేస్త్రి భుజం తట్టాడు. ఇంత చెప్పినవాడు నేలలో కన్నాల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. తప్పు అతనిది కాదు. మన ఇంటికొచ్చిన చుట్టానికి మనం తూము ఎందుకుందో చెప్తామా?

ఇల్లు ఎవరికోసమో వారం తరవాత తెలిసింది. కాంట్రాక్టరు దగ్గర పనిచేసే సూపర్‌వైజరు ఒక కుర్రవాడు. శ్రీకాకుళం వైపు రైతు కుటుంబం, డిప్లొమా చదివి ఉద్యోగంలో చేరాడు. సైటు దగ్గర కాపురానికి ఇల్లు దొరకడం లేదు. భార్యనీ, ఎనిమిది నెలల కొడుకునీ తెచ్చుకుని అందులో ఉంటాడట. ఆ అమ్మాయి చంకన పిల్లాడితో చూడటానికి వచ్చింది. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. లోపలికెక్కి అల్మారాలు తెరిచింది, మంచం మడిచింది, మళ్ళీ విప్పింది. ఆ సంబరం చూస్తే ముచ్చటేసింది.

దిగేటప్పుడు నన్ను పక్కకి పిలిచింది. "అప్పా, గుంటడు పాకుతన్నాడు. మేముండేది దువ్వాడ అవతల, కొండ కింద. తేళ్ళూ జెర్రులూ ఎక్కువంట. కిందనుంచి పురుగనేది రాకుండా సెయ్యి, నీకు పున్నెముంటాది."

"సీమ కూడా రాదు. నాను సూత్తాను గదా," అన్నాను.

ఆ మాట ఇచ్చింది నేనే. గుర్తుపెట్టుకోండి.

కుళ్ళిన నేల తీసి కొత్త చెక్క వేశారు. దొర ఇంట్లో కన్నాలు ఎక్కడుండేవో చూసి, మా ఆయన తరవాత వచ్చిన వడ్రంగి కొత్త చెక్కకీ అక్కడే కన్నాలు కొట్టి వేలు పట్టేంత కళ్ళున్న పాత జల్లెడలు బిగించాడు. ఎందుకని అడిగితే, "ఉన్నాయి గదా, అందుకే," అన్నాడు. ఆ తరవాత మధ్యాహ్నం నేను వెలుగు చూడటానికి కూర్చున్నాను. గోడల్లో, కప్పులో ఒక్క గీత లేదు. నేలలో మాత్రం మూడు గుండ్రటి వెలుగులు, గ్లాసు మూతంత ఒక్కొక్కటి. పొయ్యి కింద ఒకటి, సిలిండరు పెట్టెలో ఒకటి, గుమ్మం పక్కన ఒకటి. పొయ్యి పక్కన గోడకి ఒక చిన్న రేకు బిళ్ళ, దాని మీద ఎర్రటి ఇంగ్లీషు రాత. గుమాస్తా కూర్చునే బల్ల పది అడుగుల దూరంలో ఉంది. ఇదేమిటని అడగాలని నాకు తోచలేదు. పాత కంపెనీ పేరేమో అనుకున్నాను.

మేస్త్రిని పిలిచి చూపించాను. "నేల్లో ఈ కన్నాలెందుకు మేస్త్రీ? జెర్రి దూరడానికి దారి సేసినట్టున్నాది."

"స్నానం నీళ్ళు పోడానికేమో."

"స్నానం అటు పక్క. ఇక్కడ పొయ్యి."

"మరి మూసీ," అని ఇంకో బండి దగ్గరికి వెళ్ళిపోయాడు.

జల్లెడలు ఊడదీసి, పలక చెక్క గుండ్రంగా కోయించి, సఫేదా లప్పం పట్టించి, మూడు కన్నాలూ నా చేతులతోనే బిగించాను. వేలితో నిమిరితే అతుకు తెలిసేది కాదు. పైన ఆకుపచ్చ లినోలియం షీటు పరిచి అంచులు గోడమీదికి మడిచాను. ఆ రేకు బిళ్ళ అడ్డొస్తే ఊడదీసి పక్కన పడేశాను. మళ్ళీ చీకట్లో కూర్చుంటే గర్భంలో ఉన్నంత చీకటి. గీత పడని బండి. మేస్త్రి అందరినీ పిలిచి నా పని చూపించాడు. వెల్డరు కూడా నన్ను మెచ్చుకున్నాడు. నా జీవితంలో ఇంకెప్పుడూ అంతగా గర్వపడలేదు.

కిటికీ తెరలు మాత్రం మిగిలిపోయాయి. ఇల్లు వెళ్ళిన పదిరోజులకి అవి పట్టుకుని నేనే బస్సెక్కాను. ఎర్రమట్టి మైదానంలో, కొండ నీడలో తెల్లటి ఇల్లు. బయట తాడు మీద పిల్లాడి గుడ్డలు. ఆ అమ్మాయి నన్ను చూసి ఎదురొచ్చింది.

"రా అప్పా. ఒక్క పురుగు కూడా రాలేదు. కానీ ఎక్కడో ఎలక సచ్చినట్టున్నాది. రెండ్రోజుల్నుంచీ కంపు. నాకు జలుబు, సరిగ్గా తెల్దు. ఆయనకి కూడా ఈ పొద్దున్న తెలిసింది."

లోపలికి వెళ్ళాను. నిలబడితే ఏమీ లేదు. వంగితే ఉంది. కుళ్ళిన ఉల్లిపాయలాంటి వాసన. నేను కట్టెల పొయ్యి మనిషిని. మా పేటలో ఒక్క ఇంట్లోనూ గ్యాసు లేదు. ఆ వాసన ఏమిటో నాకెలా తెలుస్తుంది? ఆ అమ్మాయికీ అది కొత్తే, ఆ ఇంటితోపాటే వచ్చింది. ఇద్దరం కలిసి ఎలుక కోసం వెతికాం. పరుపులెత్తాం. బియ్యం డబ్బా, చీపురు, కాలిన పుల్లలు వేసే రేకు డబ్బా, అన్నీ బయట పెట్టాం. నేను నేలమీద బోర్లా పడుకుని పొయ్యి కింద చెయ్యి పెట్టి తడిమాను. తల తిరిగింది. పొద్దున్న తినలేదు కాబోలు అనుకున్నాను.

"గుంటడ్ని నేల మీద ఒగ్గితే సాలు, ఏడుత్తన్నాడు. పాకడమే మానేసినాడు," అంది ఆ అమ్మాయి.

"పళ్ళొత్తన్నాయేమో. ఇలా తే," అని పిల్లాణ్ణి ఎత్తుకున్నాను.

"నువ్వు ఆడ్ని బయట తిప్పు. నాను టీ ఎడతాను. తాగి మళ్ళీ ఎతుకుదాం."

నేను మెట్టు దిగి ఎనిమిది పది అడుగులు వేశాను. అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది. పొయ్యి మామూలుగానే అంటుకుందని ఆ అమ్మాయి తరవాత చెప్పింది. పుల్ల ఊపి, రోజూ వేసే డబ్బాలో వెయ్యబోతే అక్కడ డబ్బా లేదు. ఎలుక కోసం నేను బయట పెట్టాను. సగం ఆరిన పుల్ల నేలమీద పడింది.

పెద్ద చప్పుడు కాదు. బరువైన దుప్పటి ఎవరో ఒక్కసారి దులిపినట్టు. వేడి నా వీపుకి తగిలింది. తిరిగి చూస్తే కిటికీ అద్దాలు మట్టిలో ఉన్నాయి. గుమ్మంలోంచి నీలం మంట నీళ్ళలా కిందికి జారుతోంది. మంట పైకి పోవడమే చూశాను పుట్టినప్పటినుంచీ. కిందికి కారే మంటని చూడటం అదే మొదలు. ఎంతసేపు నిలబడిపోయానో తెలీదు. ఆ అమ్మాయి మంటలోంచి గెంతి మట్టిలో పడింది. చీర కుచ్చెళ్ళు అంటుకుని ఉన్నాయి. పిల్లాణ్ణి నేలమీద పెట్టి, బయట సామాన్ల మీద నేను పెట్టిన తెరల గుడ్డ మొత్తం ఆమె కాళ్ళకి చుట్టేసి మీద పడుకున్నాను. బయటున్న కుండలోని నీళ్ళు పోశాను. కట్టింది నూలు చీర కాబట్టి సరిపోయింది. నైలాను చీరైతే ఇప్పుడు నేనీ మాట ఇలా చెప్పేదాన్ని కాదు.

ఆమె ఏడవలేదు. "గుంటడు ఏడీ?" అంది. చూపించాను. కళ్ళు మూసుకుంది.

సైటు జీపులో ఆమెను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. భర్త ఆమెతో వెళ్ళాడు. కబురు తెలిసి మా మేస్త్రి సైకిలు మీద వచ్చాడు. ఫైరింజను కూడా వచ్చింది గానీ అప్పటికే సైటు వాళ్ళు మట్టి పోసి మంట ఆర్పేశారు. పెద్ద వయసు ఫైర్‌మన్ ఒకాయన కాలిన లినోలియం పైకి లాగి, మోకాళ్ళ మీద వంగి నేలంతా వేలితో నిమిరాడు. నా లప్పం దగ్గర వేలు ఆగింది.

"పని బాగుంది. ఎవరు మూసినారు ఈ కన్నాలు?"

ఫైర్‌మన్ లేచి మేస్త్రి వైపూ, నా వైపూ తిరిగాడు.

"ఈ గ్యాసు గాలికన్నా బరువు. పైకి పోదు. నీళ్ళలాగ కిందకి దిగి నేలంతా పరుసుకుంటాది. గొట్టం దగ్గర కారింది, కారింది కారినట్టు కిందకి పోవాల. దానికి తూములివి. తూము మూసేసి ఇంట్లో సెరువు కట్టినారు మీరు. గుంటడు పాకేది ఆ సెరువులోనే."

నా చంకలో పిల్లాడున్నాడు. వాడి తల నా భుజం మీద ఉంది. ఆ రేకు బిళ్ళ మీది ఎర్రటి రాత చెప్పింది ఈ మాటేనని అప్పుడు అర్థమైంది. పురుగు రాకుండా చేస్తానన్నాను. రెండురోజులు వాణ్ణి ఆ చెరువులో పాకించాను.

"ఎవరు మూసినారని అడుగుతన్నాను."

"నానే," అన్నాడు మేస్త్రి.

నేను నోరు తెరవలేదు. మీ ముందు దాచడం ఎందుకు? భయమే. తిరిగి వచ్చేటప్పుడు దారిలో మేస్త్రి ఒక్కటే అన్నాడు: "నా షెడ్డులోంచి ఎల్లిన పనికి నానే మేస్త్రిని. మూసీమన్నదీ నానే. నువ్వు ఊరుకో అమ్మీ."

మూడురోజులు ఊరుకున్నాను. మేస్త్రిని షెడ్డుకి రావద్దన్నాడు షెడ్డు యజమాని. సూపర్‌వైజరు పోలీసు కేసు పెడతానన్నాడని తెలిసింది. ఖాళీగా ఉన్న మేస్త్రి బల్ల ఎదురుగా కూర్చుని సీట్లు కుట్టాను. ఒక్క కుట్టూ తిన్నగా రాలేదు. నాలుగోరోజు పని ఆపి ఆసుపత్రికి వెళ్ళాను.

మోకాళ్ళ దాకా కట్లు. పక్కన ఆమె తల్లి పిల్లాణ్ణి ఆడిస్తోంది. కిటికీ దగ్గర భర్త. నేను మంచం పక్కన నిలబడి ఒక్క గుక్కలో చెప్పేశాను. మేస్త్రి కాదు, నేను. వెలుగు కనిపించిందని నేనే మూశాను. రేకు బిళ్ళ మీద ఏం రాసుందో అడక్కుండా ఊడబీకింది కూడా నేనే.

భర్త ముఖం ఎర్రబడింది. "సదువు రాకపోతే అడగాల గదా. అడగడానికేటి రోగం?" అన్నాడు. అడగడానికి గుమాస్తా పది అడుగుల దూరంలోనే ఉన్నాడని, అదీ చెప్పాను.

ఆ అమ్మాయి కట్ల మీద దుప్పటి సర్దుకుంది. "అయితే ఎలక కాదన్నమాట," అంది. తరవాత భర్త వైపు తిరిగింది. "పురుగు రాకుండా సెయ్యమన్నది నాను. కేసెట్టాలంటే నన్ను కూడా రాసుకోమను."

అతను బయటికి వెళ్ళిపోయాడు. కేసు పెట్టలేదు. మేస్త్రి పదిరోజుల తరవాత మళ్ళీ షెడ్డుకి వచ్చాడు. అప్పటినుంచి నేను గీత గీసిన ప్రతి చోటా, "ముందు ఇదెందుకున్నాదో సెప్పు, అప్పుడు మూద్దువు గాని," అనేవాడు. వెల్డరైతే నాలుగు నెలల దాకా నాతో పరాచికాలాడలేదు. అది నాకు తిట్టినదానికన్నా ఎక్కువ తగిలింది.

నెలన్నరకి ఆమె నడిచింది. ఇంకెక్కడా ఇల్లు దొరకలేదు. మళ్ళీ అందులోకే రావాలి. వడ్రంగి, నేనూ వెళ్ళి కాలిన నేలా, పగిలిన అద్దాలూ మార్చాం. మూడు కన్నాలూ తెరిచి జల్లెడలు బిగించాం. కొత్త గొట్టం వేసి, సబ్బునీళ్ళు పూసి బుడగలు రాలేదని చూపించి వెళ్ళాడు గ్యాసు మనిషి. భర్త పనికి వెళ్ళిపోయాక ఆ అమ్మాయి వచ్చింది. మెట్టు దగ్గర ఆగింది. అగ్గిపెట్టె నా చేతిలో పెట్టింది.

"నాను ఎలిగించలేను అప్పా. నువ్వు ఎలిగించు."

పిల్లాణ్ణి ఎత్తుకుని దూరంగా, రోడ్డు అంచున ఉన్న రాళ్ళగుట్ట దాకా వెళ్ళి నిలబడింది. నేను లోపలికెళ్ళి నేలమీద బోర్లా పడుకుని మూడు కన్నాల దగ్గరా వాసన చూశాను. లేచి, మళ్ళీ పడుకుని చూశాను. అప్పటిదాకా నేను గ్యాసు పొయ్యి వెలిగించలేదు. మూడు పుల్లలు విరిగాయి. నాలుగోది అంటుకుంది. మంట నీలంగా గుండ్రంగా నిలబడింది, నిలబడే ఉంది. టీ పెట్టి, పొయ్యి ఆపేసి, గ్లాసు తీసుకుని రాళ్ళగుట్ట దాకా నేనే నడిచాను.

తాగింది. "రేపు కూడా రా," అంది.

మర్నాడు మొదటి బస్సుకి వెళ్ళాను. ఆ మర్నాడు కూడా. షెడ్డుకి వెళ్ళేముందు వెళ్ళి వాళ్ళ పొయ్యి వెలిగించి, అన్నం కూరా అయ్యేదాకా నిలబడి, ఆర్పి వచ్చేదాన్ని. ఆమె మొదట రాళ్ళగుట్ట దగ్గర నిలబడేది. తరవాత బట్టల తాడు దగ్గర. ఆ తరవాత మెట్టు కింద. రమ్మని నేను పిలవలేదు. పిలిచే హక్కు నాకెక్కడిది?

పదకొండు రోజులు అలా వెళ్ళాను. పన్నెండోరోజు బస్సు ఆలస్యమైంది. పరుగు పరుగున వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. ఆమె పొయ్యి ముందు నా వైపు వీపు పెట్టి నిలబడి గరిటె తిప్పుతోంది. పిల్లాడు నేలమీద కన్నం జల్లెడలో వేలు దూరుస్తున్నాడు.

నేను మెట్టు మీదే ఆగిపోయాను. ఆమె వెనక్కి తిరక్కుండానే అంది.

"ఆలీసమైపోనాది గదా, ఈయాల నీకోసం ఆగలేదప్పా. లోపలికి రా, టీ సల్లారిపోతంది."